ఎర్కలేదన్న జవాబు

రామచంద్రం చదువు పాలిటెక్నిక్‌తో ఆగింది గానీ పట్టుదల ఆగలేదు. జనగామ నుంచి వచ్చి, కొన్నాళ్లు టీవీలు బాగుచేసి, చివరికి హైటెక్ సిటీలో చిప్పులు డిజైన్ చేసే కంపెనీలో టెక్నీషియన్‌గా కుదురుకున్నాడు. చుట్టూ పెద్ద చదువుల ఇంజినీర్లు. వాళ్లు ఆయన్ని ‘అన్నా’ అని నోరారా పిలిచేవాళ్లు, మీటింగులకు మాత్రం పిలిచేవాళ్లు కాదు.

చిప్పును ఫ్యాక్టరీకి పంపే ముందు కంప్యూటర్లో నడిపించి చూస్తారు. లోపలి ఒక్కో తీగ ఎప్పుడు ఒకటైందో, ఎప్పుడు సున్నా అయిందో తెర మీద మెట్లుమెట్లుగా గీతలు పడతాయి. వేవ్‌ఫారం అంటారు. ఆ గీతల్లో తప్పు వెతకడమంటే బస్తాడు బియ్యంలో ఒక్క రాయిని ఏరడమే. రామచంద్రం నాలుగేళ్లు ఆ పని కళ్లతో చేశాడు. కళ్లు మండిపోయాక, గీతల్ని చూడటమెందుకు, వాటినే అడిగితే పోలా అనుకున్నాడు. ఆర్నెల్లు భోజనం గంటలన్నీ ధారపోసి, ఆ ఒక్క పనికే పనికొచ్చే చిన్న ప్రోగ్రామింగ్ భాష తయారుచేశాడు. ‘ఎప్పుడు’, ‘ఎప్పటిసంది’ అంటే ఎప్పట్నుంచి, ‘దాంక’ అంటే వరకు... ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టాల్సిందే గానీ మాటలన్నీ ఇంట్లో వాళ్లమ్మ అడిగే మాటలే. ఇంజినీర్లు పగలబడి నవ్వారు. నెల తిరక్కముందే చాటుగా వాడుకోవడం మొదలుపెట్టారు.

ఆ భాషకొక మొండితనం ఉండేది, కన్నతండ్రి పోలిక మరి. ఉంది, లేదు అని రెండు జవాబులతో సరిపెట్టేది కాదు. కొన్నిచోట్ల తీగలో ఏముందో కంప్యూటర్‌కే తెలియదు. అక్కడ ఎర్ర గీత గీసి ఊరుకుంటుంది. తొందరలో ఉన్నవాళ్లు దాన్ని సున్నా కింద జమకట్టేస్తారు. రామచంద్రం భాష మాత్రం ‘ఎర్కలేదు’ అని రాసిపెట్టేది.

మేనేజరు భీమేశ్వరరావుకు గిట్టనిది అదే. కాకినాడ మనిషి, మంచివాడే. గడువు దగ్గరపడిందంటే మాత్రం ఎవరి మాటా చెవికెక్కదు.

“ఏమయ్యా రామచంద్రం, ఈ మూడోది ఎందుకయ్యా? తప్పుందా, లేదా. అంతే కదా!”

“లేదని తెలిస్తెనే లేదని రాయాలె సార్,” అనేవాడు రామచంద్రం. అక్కడ మాత్రం తగ్గేవాడు కాదు.

2011 అక్టోబరు. సకల జనుల సమ్మెతో బొగ్గు ఆగి, ఊరంతా కరెంటు కోతలు. లింగంపల్లిలో తన ఇంట్లో ఫ్యాను ఆగి మళ్లీ తిరగడం చూస్తుంటే రామచంద్రానికి అనుమానం వచ్చింది. చిప్పుకు కూడా నడిమధ్యలో కరెంటు తీసి ఇస్తే ఏమవుతుంది? శుక్రవారం అలాగే పరీక్ష పెట్టి, తన భాషలో ప్రశ్నలు వదిలి, శనివారం సెలవు పెట్టి స్టేషన్‌లో రైల్ రోకోకు వెళ్లాడు. పట్టాల మీద ఆయన పక్కనే, వాళ్ల ఆఫీసులో హౌస్‌కీపింగ్ చేసే యాదమ్మ కూర్చుంది.

పదకొండింటికి భీమేశ్వరరావు ఫోను.

“నీ రిపోర్టు వచ్చిందయ్యా. తప్పులు సున్నా. పదకొండు చోట్ల ఎర్కలేదట. వాటిని ‘లేదు’లో కలిపేసి పన్నెండింటికి ఫ్యాక్టరీకి ఫైలు పంపేస్తున్నా.”

రామచంద్రం ఫోను చెవికి గట్టిగా అదుముకున్నాడు. ఫైలు వెళ్లిందంటే చిప్పు అలాగే అచ్చవుతుంది. తప్పుంటే అందరి రెండేళ్ల కష్టం చెత్తబుట్టలోకే. వెళ్దామంటే రైళ్లను ఆపి కూర్చున్నది తనే.

“జర ఆగుండ్రి సార్!”

“ఆగటానికి కారణం చెప్పు.”

కారణం రామచంద్రానికీ తెలియదు. అదే కదా చిక్కు.

“ఏందన్నా, గంత పరేషాన్ అయితున్నవ్?” అంది యాదమ్మ. ఫోను చేత్తో మూసి, రెండు ముక్కల్లో చెప్పాడు. ఆమెకు ఒళ్లు మండింది.

“గదేంది? కరెంటు పోయినప్పుడు లిఫ్టుల మనిషున్నడో లేడో ఎర్కలేకుంటె, లేడని తాళమేసి పోతమా? తొంగి సూస్తం గద!”

రామచంద్రం ఆ మాట పొల్లుపోకుండా ఫోన్లో అప్పజెప్పాడు, ఎవరన్నారో కూడా చెప్పాడు. ఆ వారమే ఆఫీసు లిఫ్టులో ఇరవై నిమిషాలు ఇరుక్కున్న మనిషి భీమేశ్వరరావు. తొంగిచూసి మనుషుల్ని పిలిచింది యాదమ్మే.

“సరే, ఏం కొట్టాలో చెప్పు,” అన్నాడాయన.

చుట్టూ జై తెలంగాణ నినాదాలు మిన్నంటుతున్నాయి. రామచంద్రం ఒక చెవి మూసుకుని గట్టిగా అరిచాడు. “కొట్టుండ్రి సార్. ఎప్పటిసంది ఎర్కలేదు?”

కాకినాడ వేళ్లు ఆ మాటల్ని తడుముకుంటూ కొట్టాయి. జవాబు రావడానికి రెండు నిమిషాలు పట్టింది.

“పదకొండూ ఒక్క క్షణం నుంచే మొదలయ్యాయి. కరెంటు మళ్లీ ఇచ్చిన క్షణం...” భీమేశ్వరరావు ఆ భాగం డిజైను తెరిచి చూశాడు. “ఆ భాగానికి రీసెట్ తీగ కలపనే లేదండీ. కరెంటు పోయి వస్తే చిప్పు మళ్లీ లేవదు.”

రామచంద్రం పట్టా మీద వెనక్కి వాలి ఊపిరి వదిలాడు. తన భాష గెలిచింది. ఆ సంతోషం ముఖంలో దాచుకోలేదు.

“ఫైలు ఆపేశానండి, రామచంద్రం గారూ.” అన్నేళ్లలో ఆ ‘గారు’ అదే మొదటిసారి. “సోమవారం మీటింగ్‌లో మీరే చెప్పాలి దీని గురించి. వస్తారుగా?”

ప్లాట్‌ఫాం మీదికి పోలీసులు వచ్చేశారు. మొదటి వరుసను లేపి వ్యాన్ ఎక్కిస్తున్నారు. యాదమ్మ కొంగు బిగించి ఇంకాస్త గట్టిగా కూర్చుంది.

“ఎర్కలేదు సార్,” అన్నాడు రామచంద్రం.

“అలాగే రాసుకుంటానండి,” అన్నాడు భీమేశ్వరరావు.