పదిమంది దొరికిన సోమవారం

ఆదివారం ఉదయం ఆ గదిలో ఉన్నవి: మంచం, దాని మీద దుప్పటి కప్పిన పెద్దాయన, తలవైపు ఒక కొవ్వొత్తి, ఆపేసిన ఆక్సిజన్ యంత్రం, తువ్వాలు కప్పిన అద్దం. ఉన్నవాళ్ళు: ఆయన కొడుకు, నేను. పెద్దాయన నా ఇంటి ఓనరు. టూంగాబీ అనే ఈ పరాయిదేశపు సిటీ శివారులో, వాళ్ళింటి వెనక పోర్షన్‌లో నేను అద్దెకుంటున్నాను.

వాళ్ళు యూదులు. వీలైతే మర్నాడే పూడ్చేయాలి. అంతవరకు శవాన్ని ఒంటరిగా వదలకూడదు. అందుకే కొడుకు కుర్చీలోంచి లేవకుండానే ఫోన్లు చేశాడు. స్నానం చేయించే సంఘంవాళ్ళు వస్తామన్నారు. సాదా చెక్కపెట్టె, సోమవారం పొద్దున్నకి గొయ్యి కుదిరాయి. కష్టమైంది మనుషులు. సమాధి దగ్గర కొడుకు తండ్రికోసం చదివే ప్రార్థనను కద్దిష్ అంటారు. పదిమంది యూదు మగవాళ్ళు నిలబడితేనే అది చదవాలి. మా వైపు యూదులే తక్కువ. సోమవారం పబ్లిక్ హాలిడే కాబట్టి సిటీ అవతలి నుంచి వస్తామన్నారు. కొడుకుతో కలిపి సరిగ్గా పది.

మిగిలింది మరణ పత్రం మీద డాక్టర్ సంతకం. అది లేకుండా పూడ్చనివ్వరు, అదీ ఆయన్ని చూసే డాక్టరే పెట్టాలి. పెద్దాయన్ని చూసే డాక్టరు మన తెలుగాయనే. శుక్రవారం వచ్చి చూసి, ఇక రేపో ఎల్లుండో అని చెప్పిందీ ఆయనే. ఇప్పుడు ఫోన్ ఎత్తడంలేదు. పారమట్టా పార్కులో మనవాళ్ళ బార్బీ, అంటే మాంసం కాల్చుకు తినే పిక్నిక్, ఉందని తెలుసు. కారు తీశాను.

ప్లేటులో చికెన్‌తో కనిపించాడు. విషయం చెప్పాను.

“అయ్యో, పాపం. మంగళవారం క్లినిక్ తెరవగానే రాసిచ్చేస్తాలే.”

“రేపే పూడ్చాలి అంకుల్. క్లినిక్ ఇక్కడికి పది నిమిషాలే. నేను తీసుకెళ్ళి తీసుకొస్తాను.”

“రేపేంట్రా? ఆయన కూతురు ఇజ్రాయెల్ నుంచి రావద్దూ? మా నాన్నగారిని మూడ్రోజులు ఐసుపెట్టెలో ఉంచాం. అందరూ వచ్చి కడసారి చూసుకున్నారు. అదీ మర్యాద.”

“వాళ్ళు అలా ఉంచరంకుల్. ఆగొద్దని కూతురే చెప్పింది.”

“బాధలో అలాగే అంటారమ్మా. రేపొద్దున ‘నాన్న ముఖమైనా చూడనివ్వలేదు’ అంటుంది. వాళ్ళ మంచికే చెప్తున్నా.”

పొయ్యి దగ్గరున్నాయన పట్టకారు ఊపుతూ అరిచాడు: “వీడికి యూదుల మడి పట్టుకుందిరోయ్! ముందు ఓ ముక్క తిను, దిగుతుంది!”

నవ్వారు. డాక్టరు కూడా నవ్వాడు.

పదిమందిని కూడగట్టారని చెప్పాను. సోమవారం దాటితే వాళ్ళు దొరకరని చెప్పాను. “చావు దగ్గరికి మనుషులు రాకపోవడమేంట్రా? మనవాళ్ళనే ఓ యాభైమందిని పంపిస్తాను,” అన్నాడు. ఆయన నిజంగా అదే సాయమనుకున్నాడు. నన్ను మండించింది అదే. ఆ కుటుంబానికి ఏం కావాలో ఆ కుటుంబం చెప్తూంటే, మన ఊరి ఐసుపెట్టె తెచ్చి వాళ్ళింట్లో పెట్టే హక్కు ఈయనకెవరిచ్చారు? ప్లేటు కింద పెట్టి కారెక్కితే సరిపోయేది.

మంగళవారం పొద్దున రాసిచ్చాడు. మధ్యాహ్నం పూడ్చారు. సెలవు అయిపోయింది. ఒకాయన కోర్టులో ఉన్నాడు, ఒకాయన మెల్‌బోర్న్ విమానమెక్కాడు, ఒకాయనకు ఆఫీసులో వీలుకాలేదు. నేను ఆ లెక్కలోకి రాను. అది వాళ్ళ నియమం, దాని మీద నాకు కోపం లేదు. వాళ్ళ పురోహితుడు రబ్బీ గేటువైపు చూస్తూ చాలాసేపు ఆగాడు. కొడుకు ప్రార్థన పుస్తకం తెరిచి పట్టుకున్నాడు, తర్వాత మూసేశాడు.

కొడుకుతో కలిపి ఏడుగురు.