ఐదొందల కిలోమీటర్లు

మేస్త్రి పోయాడన్న మాట నా చెవిన పడేసరికి ఆయన పోయి మూడు గంటలు దాటింది. ఆ మూడు గంటల్లో నేను హెల్మెట్ పెట్టుకున్నాను. జూలూరుపాడు అవతల పత్తి కట్టె పీకేసిన చేనులో ఎనిమిది రౌండ్లు బండి నడిపాను. నాలుగోవాడిగా వచ్చాను. చెయ్యెత్తి అరిచాను. రెండు గ్లాసుల చెరుకు రసం తాగాను. నా దోస్తులిద్దరికీ అప్పటికే తెలుసు. తెలిసీ చప్పట్లు కొట్టారు.

ఈ నాలుగు మాటలు ఆయనను తలుచుకోవడానికే రాస్తున్నాను. కానీ కోపం దాచుకుని రాయడం నాకు చేతకాదు. షెడ్డు ముందు కట్టిన ఫ్లెక్సీలో ఆయన మొహాన్ని తెల్లగా చేసి, వెనక గులాబీలు పెట్టి, కింద 'మహామనీషి' అని రాయించారు. ఆయన మొహం తెల్లగా ఉండేది కాదు. ఆ మాటకు అర్థమేందని ఆయనే ఎవరినో ఒకరిని అడిగి ఉండేవాడు.

ఆయన బూర్గంపాడులో మోటారు సైకిళ్లు బాగుచేసేవాడు. పుట్టింది పినపాక దాటాక అడవిలో ఉన్న ఒక కోయ గూడెంలో. బడి మొహం చూడలేదు. అందరికీ మేస్త్రే, పేరు పెట్టి పిలిచినవాళ్లను నేనెరగను. ఎవరైనా బండి తోసుకుంటూ వస్తే ముందు బండిని చూసేవాడు కాదు. "నీళ్లు తాగు" అనేవాడు. తాగాక, "ఇప్పుడు చెప్పు, ఆగే ముందట ఏమన్నది?" అని అడిగేవాడు. ఆగిపోయే ముందు బండి ఎట్లా చప్పుడు చేసిందో చెప్పాలి. చెప్పడం రాకపోతే నోటితో చేసి చూపించమనేవాడు. పెద్ద పెద్ద మీసాల మనుషులు రోడ్డు పక్కన నిలబడి "టక్ టక్ టక్... బుస్స్" అంటుంటే మేం పడి పడి నవ్వేవాళ్లం. ఆయన మాత్రం కళ్లు మూసుకుని వినేవాడు. విన్నాక నేరుగా ఎక్కడ చెడిందో అక్కడే చెయ్యి పెట్టేవాడు.

ఇంజన్ విప్పితే మళ్లీ మూసేదాకా అన్నం తినేవాడు కాదు. ఒకసారి మధ్యాహ్నం మూడైనా తినకపోతే వాళ్లావిడ టిఫిన్ డబ్బా తెచ్చి ముందు పెట్టి తిట్టింది. "మెతుకుల మన్ను పడితే కడుపు అరిగించుకుంటది. ఇంజన్ల మెతుకు పడితే ఎవడు అరిగిస్తడే?" అన్నాడు. అంత జాగ్రత్త మనిషి. ఇది గుర్తుపెట్టుకోండి.

నేను జామాయిల్ కర్ర లారీలకెత్తే పని చేస్తాను. పొద్దంతా మొద్దులు మోసే మనిషికి ఆదివారం ఒక్క పూట బరువు తెలియకుండా ఉండాలనిపిస్తుంది. మట్టి రేసుల్లో అది దొరికింది నాకు. కోత అయిపోయిన చేలల్లో, ఎండిన చెరువు గర్భంలో మామూలు బళ్లతో మాలాంటి వాళ్లు పెట్టుకునే పోటీలు అవి. మూడేళ్లు నడిపాను. ఖమ్మం దగ్గర ఒక మలుపులో పడ్డాను. తొడ ఎముక విరిగింది, లోపల రాడ్డు వేశారు. దవాఖానాలో మంచం పక్కన మా అమ్మ నా చెయ్యి తీసి తన నెత్తి మీద పెట్టుకుని, మళ్లీ రేసు పోనని ఒట్టు వేయించుకుంది. ఏడాదిన్నర పోలేదు. పనికి పోయేవాణ్ని, వచ్చేవాణ్ని, ఎవరు పలకరించినా కసురుకునేవాణ్ని.

ఆ కసురు భరించలేక అనుకుంటా, సైదులు, నాగేష్ ఒక ఆదివారం మా ఇంటికి వచ్చారు. సైదులు ట్రాలీ ఆటో నడుపుతాడు. నాగేష్ భద్రాచలంలో బండి సామాన్ల షాపులో పని చేస్తాడు. ఇద్దరూ నాతో కాదు, నేరుగా మా అమ్మతోనే మాట్లాడారు.

"పెద్దమ్మా, వీడు ఇంట్ల ఉంటే నీకు సుఖముందా?" అన్నాడు సైదులు.

"యాడ సుఖం నాయనా. కుక్క లెక్క మీద పడతడు."

"మరి ఒట్టు గట్టు మీద పెట్టి పంపరాదు. మేమున్నం గదా."

"మీరుంటే కాలు ఇరగదా?"

"ఇరిగితే మేమే మోసుకొస్తం. పోయినసారి మోసింది ఎవరు?"

అమ్మకు నవ్వొచ్చింది. నవ్వు వచ్చినందుకు కోపమొచ్చి లోపలికి వెళ్లిపోయింది. అదే ఒప్పుకోవడం.

బండి మేస్త్రి షెడ్డులోనే ఉంది. నేను పడ్డ రోజు ఎట్లా తెచ్చి పడేశారో అట్లాగే ఉంటుందనుకున్నాను. ఆయన బండి మీద కప్పిన పట్టా తీశాడు. వంగిన ఫోర్కులు సరిచేసి ఉన్నాయి. చక్రాలకు గాలి ఉంది. ఇంజన్ మాత్రం విప్పలేదు. "నువ్వు రాకుండ గుండెకాయ ముట్టుకోవద్దని ఆగిన" అన్నాడు. నాగేష్ పిస్టన్, రింగులు తెచ్చాడు. మేస్త్రి సిలిండర్ లోపలి గోడ అరగదీయించి, అంటే బోరు చేయించి, ఇంజన్ బిగించాడు. జూలూరుపాడు రేసుకు అప్పటికి ఇంకా పంతొమ్మిది రోజులుంది.

అక్కడ మొదలైంది పంచాయితీ. కొత్తగా బోరు చేసిన ఇంజన్‌ను మొదట మెల్లగా నడపాలి. లోపలి ఇనుము ఒకదానితో ఒకటి కుదురుకునేదాకా గుంజితే పట్టేస్తుంది. ఈ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ పూర్తిగా చేయరు. మేస్త్రి లెక్క ఐదొందల కిలోమీటర్లు, నలభై దాటకుండా.

"రెండొందలు చాలదా మేస్త్రీ? టైము లేదు" అన్నాను.

"మా గూడెంల పండుగ గాకముందు కొత్త మామిడికాయ ముడతమా? చెట్టు మీద ఉంటది, కండ్ల ముందట్నే ఉంటది, నోరూరుతది. అయినా ముడతమా?"

"అది దేవునిది. ఇది ఇంజన్."

"దేవుడు ఊకుంటడు బిడ్డా. ఇంజన్ ఊకోదు."

ఒక రోజు నడిపాను. ఇరవై కిలోమీటర్లు కూడా కాలేదు, తిరిగొచ్చేశాను. మొద్దులు మోసిన కాలు గుంజుతోందని చెప్పాను. అసలు సంగతి అది కాదు. సిగ్గేసింది.

"కూలికి పోయే అక్కలు స్కూటీల మీద నన్ను దాటిపోయిన్రు మేస్త్రీ. ఒకామె మళ్లి చూసి నవ్వింది."

"నవ్వనీ. ఆమె బోరు కొత్తది గాదు" అని ఆయన తాళం చేతిలోంచి తీసుకున్నాడు. "నీతోని గాదు. నేనే నడుపుత."

బూర్గంపాడు నుంచి పినపాకకు రానూ పోనూ వంద కిలోమీటర్లకు పైనే. ఐదు ట్రిప్పులు. ఆయన పొద్దున్నే వెళ్లేవాడు, ఎండ నెత్తికెక్కాక వచ్చేవాడు. ఒక రోజు వెళితే ఒక రోజు వెళ్లేవాడు కాదు. ఎందుకని మేం అడగలేదు. షెడ్డులో పని ఉంటుందిలే అనుకున్నాం. మూడో ట్రిప్పు నుంచి వస్తుంటే చూశాను, చొక్కా కింద స్వెటర్ ఉంది. మార్చి నెల. రోడ్డు మీద తారు మెత్తబడుతోంది.

"ఏంది మేస్త్రీ, కాశ్మీర్ పోయొస్తున్నవా?" అన్నాడు నాగేష్.

"అవ్ రా. పినపాకల మంచు పడ్తంది" అన్నాడు ఆయన.

నవ్వాం. నేనే అందరికంటే గట్టిగా నవ్వాను. ఐదో ట్రిప్పు ముగించి వచ్చినప్పుడు ఆయన బండి దిగి టైరు మీద కూర్చుని, చెంబు రెండు చేతులతో పట్టుకుని తాగాడు. నీళ్లు గడ్డం మీద కారాయి. "అయిపోయింది. ఇగ నీ ఇష్టం, ఎంతన్న గుంజుకో" అన్నాడు. నేను ఆయన మొహం వైపు చూడలేదు. కిక్కు కొట్టి ఇంజన్ చప్పుడు విన్నాను. ఎంత బాగుందో. అంతే విన్నాను.

రేసుకు రెండు రోజుల ముందు, నడుం పట్టేసిందని, రాలేనని కబురు చేశాడు. "రాకపోతే రాకపోయిండు" అన్నాను. ఆ మాట అన్నది నేనే. అప్పటికి ఆయన భద్రాచలం దవాఖానాలో ఉన్నాడని సైదులుకు ఒక్కడికే తెలుసు, ఎందుకంటే తీసుకుపోయింది వాడి ఆటోలోనే.

రేసు గురించి ఎక్కువ రాయను. మూడు రౌండ్లు కాలు వణికింది, తర్వాత వణకలేదు. ఇంజన్ ఒక్కసారి కూడా తడబడలేదు. నా పక్కన ఖమ్మం కుర్రాడి బండి ఐదో రౌండులో పట్టేసి, తెల్ల పొగ కక్కి ఆగిపోయింది. వాణ్ని దాటుతూ మేస్త్రికి ఈ సంగతి చెప్పాలి, చెబితే మురిసిపోతాడు అనుకున్నాను. ఆయన పోయి అప్పటికి రెండు గంటలు.

బండి ఆటోలోకి ఎక్కించాక సైదులు చెప్పాడు. "మేస్త్రి సచ్చిపోయిండు రా. పొద్దున పదింటికి."

నాకు ముందు అర్థమైంది చావు కాదు. పదింటికి అన్న మాట. పదింటికి నేను ఇంకా హెల్మెట్ కూడా పెట్టుకోలేదు. వాడు నా పక్కనే నిలబడి చైన్‌కు నూనె వేస్తున్నాడు. వాడి ఫోన్ మోగింది, అవతలికి పోయి మాట్లాడి వచ్చాడు, మళ్లీ నూనె వేశాడు. చెంప మీద కొట్టాను. వాడు చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

"ఆయనే చెప్పమన్నడు. నాకేమన్న అయితే రేసు అయినంకనే చెప్పు అన్నడు. మొన్న మంచం మీద నా చెయ్యి పట్టుకొని చెప్పిండు."

"అబద్ధం."

"నీ ఇష్టం. అబద్ధమే అనుకో."

నాగేష్ నేల చూస్తూ నిలబడ్డాడు. సైదులుకు ఫోన్ వచ్చినప్పుడే వాడికీ తెలుసు.

గూడెంలో దహనం. మేం చేరేసరికి సందె పడుతోంది. డోలు ఆగిపోయింది. వాళ్లావిడ నన్ను చూసి ఏడవలేదు. పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. వానాకాలంలో ఆయనకు చలిజ్వరం వచ్చిందట. మలేరియా అని, మాత్రలు పద్నాలుగు రోజులు మింగాలని ఆశా వర్కర్ ఇంటికొచ్చి మరీ చెప్పిందట. మూడో రోజుకు జ్వరం తగ్గింది. తగ్గాక ఎందుకని ఆపేశాడు. అది లోపలే ఉండి ఎండాకాలంలో మళ్లీ లేచింది. ఒక రోజు వణికించి ఒక రోజు వదిలేది. వదిలేసిన రోజు ఆయన నా బండి తీసుకుని పినపాక రోడ్డు ఎక్కేవాడు.

"పానం బాగలేదు, ఒద్దయ్యా అన్న. పిలగాడు ఏడాదిన్నర సంది ఎదురు చూస్తండు అన్నడు" అంది ఆమె.

డాక్టర్‌ను తిట్టాలనుకున్నాను. తిట్టడానికి నాకేమీ దొరకలేదు. తెచ్చేసరికే ఒళ్లంతా పచ్చబడి, రక్తం పడిపోయి ఉందట. ఆశా వర్కర్ తన పని తాను చేసింది. ఇక మిగిలింది నేను, నా దోస్తులు, ఆయన. నా ఇంజన్‌కు ఒక్క కిలోమీటర్ తగ్గనివ్వని మనిషి, తన ఒంటికి పద్నాలుగు రోజులు ఇవ్వలేదు. పోయినవాళ్ల మీద కోపం పెట్టుకోవద్దంటారు. నాకుంది. నా సిగ్గు కోసం ఆయన ఎండలో తిరిగాడు. ఆ పని నాది. 'జ్వరంగ ఉన్నది, నువ్వే నడుపుకో' అని ఒక్క మాట అంటే నేను నడిపేవాణ్ని. స్కూటీలు కాదు, నడిచేవాళ్లు దాటిపోయినా నడిపేవాణ్ని. ఆ ఒక్క మాట వినే అవకాశం నాకు ఇవ్వలేదు.

"రేసు అయినంక చెప్పమని సైదులుతో అన్నడా అక్కా?" అని ఆమెనే అడిగాను.

"నేను మందుల చిట్టీ పట్టుకొని కిందికి పోయిన. పైన వాళ్లిద్దరే ఉన్నరు. నాకెరుక లేదు బిడ్డా" అంది.

ఇక అది తేలదు. చెప్పాల్సిన మనిషి లేడు. సైదులు అబద్ధమాడితే వాణ్ని జన్మలో క్షమించకూడదు. నిజమే చెబితే, ఒక చనిపోతున్న మనిషి మాట నిలబెట్టినందుకు నా చేతి దెబ్బ తిన్నాడు. రెంటిలో ఏదో తెలియకుండా రెండు నెలలు వాడితో మాట్లాడలేదు. బండి ఎక్కలేదు. తిరిగి రేసులోకి వచ్చిన నేను ఆ ఒక్క పూటతోనే ఆగిపోతానా అన్నది నాకూ తెలియలేదు.

పినపాక అవతల మట్టి రేసు ఉందని తెలిసిన ఆదివారం, పొద్దున్నే సైదులు ఆటో మా ఇంటి ముందు ఆగింది. హారన్ కొట్టలేదు. వెనక తలుపు దింపి, బండి ఎక్కించే పలక ఆనించి, పక్కన నిలబడ్డాడు. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. మా అమ్మ వాడికి చాయ్ ఇచ్చింది.

"వస్తడంటవా పెద్దమ్మా?"

"నాకేమెరుక. మీ మీ లొల్లి మీది."

"రాకపోతే పోత తియ్. చాయ్ల చక్కెర తక్కువైంది."

"ఇంకో గంట నిలబడు, అప్పుడు ఏస్త."

ఆ గంట దాటింది. వాడు కదల్లేదు. లేచి బండి తోసుకుంటూ పలక దగ్గరికి తెచ్చాను. ఎక్కేచోట కాలు జారింది. వాడు వెనక నుంచి భుజం ఆనించాడు. పొమ్మని అనలేదు. మాట్లాడనూ లేదు. ముందు సీటులో వాడి పక్కన కూర్చోబుద్ధి కాక, వెనకే ఎక్కి, బండి పడకుండా రెండు చేతులతో హ్యాండిల్ పట్టుకుని కూర్చున్నాను.

మణుగూరు దాటాక అడవి దగ్గరికి వచ్చింది. కొత్త ఇంజన్‌ను మధ్య మధ్య ఆపి చల్లారనివ్వాలి. ఆ ఐదు ట్రిప్పుల్లో మేస్త్రి ఎక్కడ ఆగేవాడో నేనెప్పుడూ అడగలేదు. రోడ్డు పక్కన తునికాకు కట్టలు ఎండబెడుతున్న ఒకామె తలెత్తి, ఎర్ర ట్యాంకు, లైటు చుట్టూ పసుపు డొప్ప ఉన్న ఆ బండిని గుర్తుపట్టి, నవ్వుతూ చెయ్యెత్తింది. ఇంకా ముందుకు వెళితే మేకల కాడ ఒక ముసలాయన. తర్వాత బోరింగ్ దగ్గర బిందెలతో ఇద్దరు. ఒక్కొక్కరూ చెయ్యెత్తి, బండి పక్కన ఎవరికోసమో వెతికి, నా మొహం చూసి ఆగిపోతున్నారు. నేను చెయ్యెత్తడానికి లేదు, రెండు చేతులూ హ్యాండిల్ మీద ఉన్నాయి. ఆటో ముందుకు పోతుంటే, ఎత్తిన ఆ చేతులు దుమ్ములో అట్లాగే నిలబడి చిన్నవవుతున్నాయి.