మెడలో విజిల్

ఆవిడ మెడలో విజిల్ లేకుండా చూసినవాళ్ళు ఈ భూమ్మీద లేరు. బళ్ళో జీవితమంతా డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైన రోజున, గోడగడియారం బహుమతిగా ఇచ్చి, విజిల్ మాత్రం స్టోరు రూములో అప్పజెప్పి వెళ్ళమన్నారట. "గడియారం మీరే ఉంచుకోండి" అని టీచరమ్మ విజిల్‌తో ఇంటికొచ్చేసింది.

ఇంట్లో ఆ విజిలే చట్టం. పొడుగ్గా ఊదితే భోజనానికి రావాలి. పొట్టిగా ఊదితే దీపాలార్పాలి. వెంటవెంటనే రెండుసార్లు ఊదితే ఎవరో తప్పు చేశారని అర్థం, ఆ వెనకే "ఫౌల్!" అన్న కేక. వాళ్ళాయన నోట్లో నాలుక లేని మనిషి. చెవి కాస్త మందగించాక ఆయనకి ఏ విజిలైనా కుక్కరే. వినపడగానే వెళ్ళి స్టవ్వు కట్టేసి వచ్చేవాడు. ఆ ఇంట్లో అన్నం ఎప్పుడూ పలుకే. ఒకసారి ఆవిడ వీధిలో ఊదితే, స్కూటరు మీద పోతున్న పెద్దమనిషి బండి ఆపి, దిగి, లైసెన్సు తీసి చూపించాడు. టీచరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "సరే, వెళ్ళు" అంది.

అలాంటి ఇంట్లో కోడలికి ఇప్పుడు ఆరో నెల. ఆ పిల్ల నవ్వి ఎంతకాలమైందో! జిమ్‌లో పదిమందికి కసరత్తులు నేర్పిన మనిషి, తెల్లారితే పరుగుకి పోయిన మనిషి. కిందటేడు మూడో నెలలో కడుపు పోయింది. "పిండమే సరిగ్గా ఏర్పడలేదమ్మా, నీ పరుగుకీ దీనికీ సంబంధం లేదు" అని డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. చెబితే ఏం? లోకానికి డాక్టరమ్మ చెప్పాలా? గెంతింది, పోగొట్టుకుంది అని తీర్పిచ్చేసింది. లోకం సంగతి పోనీ, ఆ పిల్లే నమ్మేసింది. ఈసారి నెల తప్పిందని తెలిసిన నాటి నుంచీ బూట్లు అటకెక్కాయి. మంచం, కుర్చీ, మళ్ళీ మంచం. గట్టిగా దగ్గాలన్నా భయమే. పొట్ట మీద చెయ్యి వేసుకుని, ఇదీ పోతుంది, నా చేతులారా ఇదీ పోతుంది అనుకుంటూ సీలింగు కేసి చూస్తూ పడుకునేది.

కూర్చుని కూర్చుని షుగర్ పెరిగింది. డాక్టరమ్మ మొహం మాడ్చింది.

"ఇలాగైతే ఇన్సులిన్ మొదలుపెట్టాల్సి వస్తుంది. తిన్నాక నడువు. మాట్లాడుతూ నడవగలిగేంత నెమ్మదిగా. గెంతులు వద్దు, బరువులు వద్దు, వెల్లకిలా పడుకోవద్దు."

"నడిస్తే ఏమన్నా అయితే?"

"నీకు నడవకపోతేనే ఇబ్బంది."

పక్కనున్న టీచరమ్మ అటెన్షన్‌లో లేచి నిలబడి, "నాకొదిలెయ్యండి" అంది.

ఆ రోజు నుంచీ ఆ పిల్ల బతుకు విజిల్ పాలైంది. బకెట్టు మీద చెయ్యి వేస్తే విజిల్. కుర్చీలో అతుక్కుపోతే విజిల్. మంచం మీద వెల్లకిలా తిరిగిందో లేదో, పక్కగదిలోంచి విజిల్. గోడలకి కళ్ళున్నాయా ఏమిటి ఖర్మ!

"నన్ను ప్రశాంతంగా ఏడవనైనా ఇవ్వరా అత్తయ్యా?"

"ఏడవ్వే, ఎవరొద్దన్నారు? ఎడమ పక్కకి తిరిగి ఏడు."

వీధిలో నడక ఇంకా ఘోరం. వెనకాలే అత్తగారు. ఆయాసం వస్తోందో లేదో తెలియాలంటే మాట్లాడుతూ నడవాలి కదా! మాట్లాడటానికి కోడలి దగ్గర ఒక్క మంచి మాట మిగల్లేదు. అందుకని ఎక్కాలు చెప్పించేది.

"పదమూడార్లు?"

"డెబ్భై ఎనిమిది."

"పదమూడేళ్ళు?"

"తొంభై ఒకటి... అత్తయ్యా, జనం చూస్తున్నారు."

"చూసి నేర్చుకోనీ. వాళ్ళకీ వచ్చి చావవు."

ఎదురింటావిడ గేటు పట్టుకుని నిలబడి ఉండేది. "ఏమ్మా, మళ్ళీ నడకలా? పోయినసారి కూడా ఇలాగే..." అనబోయిందో లేదో, చెవులు చిల్లులు పడేలా విజిల్. "ఫౌల్!"

"ఎవరికి?" అంది ఆవిడ బిత్తరపోయి.

"మీకే. గేటు తీసి నిలబడ్డారు."

మర్నాడు గేటు మూసి మాట్లాడబోయింది. "ఫౌల్! గేటు మీద ఆనుకున్నారు." కోడలికి తల కొట్టేసినట్టయింది.

తర్వాత చూడ్డానికొచ్చిన పినత్తగారు కాఫీ కప్పు పట్టుకుని మొదలుపెట్టింది. "ఆడపిల్ల అన్నాక ఒద్దిక ఉండాలి. అన్ని గెంతులు గెంతితే కడుపు..." అంతే, టీచరమ్మ బుగ్గలు పూరించి ఊదింది. కప్పు కింద పడింది. మామగారు లేచి వెళ్ళి స్టవ్వు కట్టేశాడు. పినత్తగారు తడిసిన బట్టలతోనే వెళ్ళిపోయింది.

ఆ పూట కోడలు మొగుడి దగ్గర బావురుమంది. "నాకు పిచ్చెక్కిపోతోంది. మీ అమ్మ చేత ఆ విజిల్ తీయించండి."

"నేను పుట్టగానే ఏడవలేదట. అమ్మ ఊదాక ఏడ్చానట. నా మాట వింటుందా?" అన్నాడు ఆ మహానుభావుడు.

చివరికి ఒక సాయంత్రం వీధిలో నడుస్తూ నడుస్తూ, కోడలు పొట్టలో ఏదో పట్టేసినట్టయి ఆగిపోయింది. పట్టు వెంటనే వదిలేసింది, భయం వదల్లేదు. ఎవరిదో అరుగు మీద కూలబడింది.

"నేనిక నడవను. ఇన్సులిన్ పొడిపించుకుంటాను, నడవను. నా వల్ల కాదు అత్తయ్యా. నేను పరిగెత్తకుండా ఉండుంటే కిందటిసారి..."

విజిల్. వెంటవెంటనే రెండుసార్లు.

"ఫౌల్!"

కోడలు తెల్లబోయింది. "కూర్చునే ఉన్నాను కదా! బకెట్టెత్తానా, గెంతానా? దేనికి ఫౌల్?"

"ఆ మాటకి." టీచరమ్మ వచ్చి పక్కన కూర్చుంది. కూర్చోవడంలో ఆవిడ మోకాళ్ళు పటపటమన్నాయి. "ఆ మాట అన్న ప్రతివాళ్ళకీ ఊదాను. నీకొక్కదానికే ఊదకపోతే పక్షపాతం కాదటే?"

కోడలికి గేటు, ఆనుకోవడం, కింద పడ్డ కప్పు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. నడకలు మొదలైనప్పట్నుంచీ ఆ వాక్యం ఎవరి నోటి నుంచీ పూర్తిగా బయటికి రాలేదు. దాన్ని రోజూ పూర్తి చేసుకున్నది తనొక్కతే.

"కిందటేడు డాక్టరమ్మ చెప్పినప్పుడు నేనూ పక్కనే ఉన్నాను. ఈ విజిల్ వల్ల నా చెవులు కాస్త దెబ్బతిన్నాయి గానీ, ఆ మాట మాత్రం బాగానే వినపడింది. నువ్వేం చెయ్యలేదే పిచ్చిపిల్లా. పద, డాక్టరమ్మకి ఫోన్ చేసి ఈ పట్టు సంగతి అడుగుదాం. నడవమంటే నడుద్దాం, వద్దంటే మానేద్దాం. నీ ఎక్కం కూడా సగంలో ఉంది."

కోడలు ఏడ్చింది. ఈసారి ఆవిడ ఏ పక్కకీ తిరగమనలేదు. ఫోన్‌లో డాక్టరమ్మ నాలుగు ప్రశ్నలడిగి, "అప్పుడప్పుడూ అలా పట్టేసి వదిలేయడం మామూలే. మళ్ళీ మళ్ళీ వస్తే వెంటనే రా. కాసేపు కూర్చుని నెమ్మదిగా ఇంటికి నడువు" అంది.

అత్త చెయ్యి పట్టుకుని కోడలు లేచింది. భయం పోలేదు. భయంతోనే నడిచింది. ఇంటి దగ్గరికొచ్చేసరికి ఎదురింటావిడ గేటు మూసి, దానికి బెత్తెడు దూరంలో జాగ్రత్తగా నిలబడి ఉంది.

"ఏమ్మా, కళ్ళు ఎర్రబడ్డాయి? నేననుకుంటూనే ఉన్నాను, పోయినసారి కూడా..."

"అత్తయ్యా, ఒకసారి ఇటివ్వండి" అని కోడలు చెయ్యి చాపింది.

ఆ ఊదుడికి కడుపులోది కూడా ఒక్క తన్ను తన్నింది. ఇంట్లో మామగారు లేచి వెళ్ళి స్టవ్వు కట్టేశాడు.