చార్జింగ్ ఎక్కుతుంటే రేడియో

ఎనభైల మొదట్లో, పెళ్లయిన కొత్తలో, జహీరాబాద్‌లో పెద్ద రోడ్డుకు దగ్గరగా ఒక గది అద్దెకు తీసుకున్నాం. మా ఆయన లారీ డ్రైవరు. షోలాపూర్ మీదుగా బొంబాయికి సరుకు తోలేవాడు. బయలుదేరితే మళ్లీ ఎప్పుడొస్తాడో ఆయనకే తెలిసేది కాదు. నేను పుట్టింది న్యాల్‌కల్ దగ్గరి పల్లెలో, ఇంటినిండా మనుషుల మధ్య. ఆ గదిలో మాత్రం నేనొక్కదాన్నే.

ఒకసారి వచ్చినప్పుడు ఆయన ఒక రేడియో తెచ్చాడు. లారీల్లో బిగించేది. దానికి చెక్కపెట్టె చేయించి, పాత లారీ బ్యాటరీ ఒకటి, చార్జరు ఒకటి పక్కన పెట్టాడు. అది బ్యాటరీ మీద తప్ప నడవదు. బ్యాటరీ దిగిపోతే చార్జర్ కరెంటుకు తగిలించి మళ్లీ ఎక్కించాలి. బస్టాండు దగ్గర బ్యాటరీల దుకాణం నడిపే చాచా వచ్చి, వైర్లు ఎట్ల తగిలించాలో చూపించిపోయాడు.

"చార్జింగ్‌ల ఉన్నప్పుడు రేడియో పెట్టకు బేటీ. మంచిగ ఎక్కనియ్యి. వైరు తీసినంక విను" అన్నాడు.

మొదట్లో అట్లనే చేశాను. కానీ ఎక్కడానికి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పట్టేది. ఆ రోజంతా గదిలో మాట ఉండదు. రోడ్డు మీద హారన్లు, పొయ్యి మీద ఎసరు కాగే చప్పుడు, అంతే. ఒక రోజు పీట అడ్డంగా ఉంటే "జర జరుగు" అని దాంతో పైకే అన్నాను. అన్నాక భయమేసింది. లేచి, చార్జరు అట్లనే ఉండగా రేడియో పెట్టాను. మాటల వెనక 'గుయ్' మని ఒక మోత వచ్చింది. అయినా ఎవరో పక్కన కూర్చున్నట్టు అనిపించింది.

ఆ తర్వాత చార్జరు తీసిందే లేదు. కరెంటు ఉన్నంతసేపూ ఎక్కుతూ ఉండేది, రేడియో మోగుతూ ఉండేది. వార్తలు, పొలం పనుల ముచ్చట్లు, అర్థంకాని కన్నడ కార్యక్రమాలు, ఏవైనా సరే వినేదాన్ని. మనిషి గొంతయితే చాలు.

ఎండాకాలం వచ్చింది. గదిలో పుల్లటి ఘాటు వాసన. బ్యాటరీ మీద చెయ్యి పెడితే చుర్రుమంది. ఉతికిన చీర దులిపితే అంచు దగ్గర సన్న సన్న చిల్లులు. అదంతా బ్యాటరీలోని యాసిడ్ పని అని నాకప్పుడు తెలియలేదు. ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. దాంతోపాటే రేడియో కూడా టక్కున ఆగిపోయింది. బ్యాటరీలో ఏమీ మిగల్లేదు.

రిక్షాలో వేసుకుని చాచా దుకాణానికి తీసుకెళ్లాను. ఆయన మూతలు విప్పి టార్చి కొట్టి చూశాడు.

"సుక్క నీళ్లు లేవు. ప్లేట్లు ఎండిపోయినయ్. ఇగ ఇది లేవదు."

"చార్జింగ్‌ల పెట్టి విన్నందుకేనా చాచా?"

"రేడియో ఎంత తింటదమ్మా, దాంతోని ఏం కాదు. నిండినంక గూడ చార్జర్ తీయలే నువ్వు. అట్ల ఎక్కిస్తనే ఉంటె లోపల ఉడుకుతది, నీళ్లు ఆవిరైతయ్. వినుకుంట కూసుంటె తీయబుద్ధి గాదు. అందుకే వద్దన్న." టార్చి పక్కన పెట్టి అడిగాడు. "ఇంట్ల ఎవరుంటరు?"

"ఎవ్వరుండరు."

ఆయన చాయ్ తెప్పించాడు.

మా ఆయన వచ్చాక జరిగింది చెప్పాను. కోపం చేస్తాడనుకున్నాను. చేయలేదు. ఎండిన బ్యాటరీ వైపు చాలాసేపు చూసి, "పొద్దంత పెట్టుకునే ఉంటివా?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

తర్వాతి ట్రిప్పుకు నన్ను కూడా ఎక్కించుకున్నాడు. చిరాగ్‌పల్లి దాటాక చూశాను. స్టీరింగు పక్కన రేకులో పలకంత ఖాళీ, అందులో గుడ్డ కుక్కి ఉంది.

"గిదేంది?"

"రేడియో ఉండె గద. నీకు తెచ్చిన."

ఎక్కడో పాతది కొన్నాడనుకున్నాను ఇన్నాళ్లూ. ఆ గుడ్డను వేలితో లోపలికి నొక్కాను. కొంతసేపటికి వేరే మాట అడిగాను. "బండి నడుస్తుంటె గూడ బ్యాటరీ ఎక్కుతనే ఉంటది గద. మరి ఇది ఉడికి ఖరాబ్ గాలేదెట్ల?"

"బండిల కటౌట్ ఉంటది. నిండంగనే అదే ఆపుతది. మన చార్జర్‌కు అది లేదు."

అంతే. హుమ్నాబాద్ దాకా ఆయన మళ్లీ నోరు విప్పలేదు. నా మీద అలిగి కాదు, మాట్లాడే అలవాటు పోయింది. ధాబాలో గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. ఏం కావాలని ఎవరూ అడగలేదు. రొట్టెలు, పప్పు తెచ్చి పెట్టిపోయారు. సగం తిన్నాక పక్కన నేనున్నానని గుర్తొచ్చినట్టు, గిన్నె నా వైపు జరిపాడు.

"రోజూ గిట్లనేనా?" అని అడిగాను.

"గిట్లనే."

తిరిగొచ్చాక రేడియో లారీలో బిగించుకోమన్నాను. "మరి నువ్వు?" అన్నాడు. ఎదురింటి అవ్వ ఉందన్నాను. నిజానికి ఆమెతో అప్పటిదాకా ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆమెది కన్నడం. ఆయన వెళ్లిన మర్నాడు చాటలో ఎండుమిరపకాయలు పోసుకుని, తొడిమలు తీస్తూ వాళ్ల అరుగు మీద కూర్చున్నాను. ఆమె కన్నడంలో, నేను తెలుగులో. సగం అర్థమయ్యేది, మిగతా సగానికి నవ్వుకునేవాళ్లం. కబుర్లలో పడి పని సాయంత్రానికి గానీ తెమిలేది కాదు.

చలికాలంలో అవ్వ బీదర్‌లో కూతురి దగ్గరికి పోయేది. అప్పుడు మళ్లీ ఒక్కదాన్నే తొడిమలు తీసేదాన్ని. పని తొందరగా అయిపోయేది. అట్ల అయిపోవడమే కష్టంగా ఉండేది.