పుక్కిటి పురాణానికి ఉదాహరణ

ఒక్క మాటకు అర్థం చెప్పబోయి సొంత ఇంట్లో దయ్యంచేత కాపురం పెట్టించిన ఘనుణ్ణి నేను. నవ్వండి, పరవాలేదు. ఆ సాయంత్రం మంచం కింద ఉన్నది మీరు కాదుగా!

అప్పట్లో సముద్రం మధ్య దీవుల్లో, డాలీగంజ్ బళ్లో కొత్త తెలుగు మాస్టర్ని. పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారు, పుస్తకంలో మాట ఎదురైతే మాత్రం నోళ్లు వెళ్లబెడతారు. ఆ రోజు పాఠంలో 'పుక్కిటి పురాణం' వచ్చింది.

"ఎవరూ చూడంది, ఒకరి నోట విని ఇంకొకరు చెప్పుకునే కథ" అన్నాను.

"ఎగ్జాంపుల్ చెప్పండి సార్!"

ఊరంతా ఉండగా నాకు నా క్వార్టర్సే దొరికింది. "పొద్దు వాలాక మా పెరటి గుమ్మంలోకి ఒకావిడ వచ్చి నీళ్లడుగుతుంది. ఎన్ని తాగినా దాహం తీరదు. ఎవరు చూశారు? ఎవరూ చూడలేదు. అదీ పుక్కిటి పురాణం!"

పిల్లలు అర్థాన్ని బళ్లో వదిలేసి, ఆవిణ్ణి మాత్రం ఇళ్లకు తీసుకుపోయారు.

ఆ వారమే విశాఖ ఓడలో నా భార్య పార్వతి కాపురానికొచ్చింది. ఈ దీవుల్లో పలకరించే మనిషైనా ఉండడేమోనని ఆమె బెంగ. "నచ్చకపోతే ఇదే ఓడలో ఎల్లిపోతాను" అని రేవులోనే చెప్పేసింది. ఓడ లంగరెత్తేలోపు నా సంసారం నిలబడాలి.

గుమ్మంలోనే పక్కింటి నర్సమ్మ ఎదురైంది.

"బెహన్, పొద్దోయాక పెరటి తలుపు తియ్యకు. నీళ్లడిగే ఆవిడ వస్తాది. సచ్ చెప్తన్నాను."

"అది నేను కల్పించింది దీదీ! మొన్ననే!"

"మీరేటి కల్పించేది మాస్టారూ? మా అత్త చిన్నప్పట్నుంచీ ఈ కత ఇంటన్నాది. ఎడం కాలికే వెండి పట్టీ ఉంటాదంట."

పట్టీ నేను పెట్టలేదు. మొన్న పుట్టిన కథ అప్పుడే ముసలిదైపోయింది. నవ్వబోయాను, నవ్వు రాలేదు.

దీపాలు పెట్టే వేళ పెరటి తలుపు చప్పుడైంది. "అమ్మా, నీళ్లు..."

నేను మంచం కిందకు దూరాను. పార్వతి లేచి వెళ్లింది. కుండలో చెంబు ముంచిన చప్పుడు. మళ్లీ ముంచిన చప్పుడు. మళ్లీ, మళ్లీ. తర్వాత అడుగులు దూరమయ్యాయి. ఒక అడుగు ఘల్లుమంటే, రెండో అడుగు వినిపించడం లేదు.

"ఎవరే?" అన్నాను, బయటికి రాకుండానే.

"ఎవరో పాపం, కుండెడు నీళ్లూ తాగేసింది. రెండో కాలి పట్టీ ఏదమ్మా అంటే నవ్వింది."

"పెట్టె సర్దు పార్వతీ! ఓడ ఇంకా రేవులోనే ఉంది. ఇద్దరం పోదాం!"

"నేనెక్కడికీ రాను. ఎంత బాగా మాటాడిందో! రేపూ వస్తానంది. భయమైతే మీరెల్లండి."

పార్వతి పెట్టెలోంచి చీరలు తీసి దండెం మీద వేసుకుంది. వచ్చినదెవరో ఈనాటికీ డాలీగంజ్‌లో ఎవరూ చెప్పలేకపోయారు.

అప్పుడే, మంచం కిందే, దీపం సాక్షిగా శపథం చేశాను: ప్రాణం పోయినా సరే, ఏ మాటకూ నా ఇంటిని ఉదాహరణగా ఇవ్వను. హెడ్మాస్టారికీ ఒక ఇల్లుందిగా!