ఫోనుకైనా ఊరి కట్టుబాటే

పొద్దున ఆరింటికి విజయవాడలో రైలెక్కేటప్పటికే నా స్నేహితురాలు సరళ ముఖం మాడిపోయి ఉంది. చేపలు ఎక్కడ దొరుకుతాయో ముందే చెప్పే యాప్‌ను వాళ్ల కంపెనీ తయారు చేస్తోంది. కావలి దగ్గరి జువ్వలదిన్నె పడవలవాళ్లు ఫోనుతో వేటకెళితే, ఎక్కడ వల వేశారో, ఎంత పడిందో చూసి కృత్రిమ మేధ నేర్చుకుంటుంది. ముందు సరేనన్న ఊరు ఇప్పుడు ససేమిరా అంటోంది. వాళ్లను ఒప్పించడానికి తను, సముద్రం చూడటానికి నేను.

ఒంగోలు దాటాక ఎదుటి సీటు పెద్దాయన, "కావలిలోనే టిఫిను కానిచ్చేయండమ్మా, తర్వాత ఏమీ దొరకదు," అన్నారు. తొమ్మిదింటికి దిగి ఆయన మాటే విన్నాం. కారం దోసె! అబ్బ, ఒక్కదానితో ఆగితే ఒట్టు. మీరు వెళ్లినా అదే తినండి.

ఆటోలో ఊరు చేరేసరికి పదిన్నర. వలలు బాగుచేసే షెడ్డులో ఊరంతా కూర్చుంది. చేపలమ్మే పోలమ్మ ముందుగా లేచింది.

"మాయి చిన్న పడవలమ్మా. పోయినేడు పెద్ద బోట్లు అడ్డంగా వచ్చి మా వలలన్నీ పీలికలు చేసినాయి. చేపలు పడే చోటు బయటోళ్లకు చెప్పకూడదని ఊరి కట్టుబాటు. చెప్పినోడికి తప్పు కింద జరిమానా వేస్తాం. మీ ఫోను అందరికీ చెప్పేస్తది గదా!"

"పేర్లు ఎవరికీ కనిపించవక్కా," అంది సరళ.

"పేరెవురికి కావాల? చోటు తెలిస్తే చాలదా?"

పడవ యజమాని శీనయ్య తల గోక్కున్నాడు. "చేపల్ని వెతికేదానికే డీజిలంతా అయిపోతా ఉంది. నాకైతే యాప్ కావాలబ్బా. కానీ ఊరిని ముంచేది వద్దు."

నాకు ఒళ్లు మండింది. "ఈ ముక్క యాప్ తయారు చేయకముందే అడగొద్దటే?" అని సరళ చెవిలో గొణిగాను.

"ఇప్పుడు అడుగుతున్నానుగా, నోర్ముయ్!" అంది.

మధ్యాహ్నం పోలమ్మ ఇంట్లో మామిడికాయ వేసిన వంజరం చేపల పులుసు. సరళ ముద్ద మింగలేదు గానీ నేను రెండుసార్లు వడ్డించుకున్నాను. మూడింటికి మళ్లీ షెడ్డులో అందరి ముందూ సరళ స్పీకరు పెట్టి తన పై అధికారికి ఫోను చేసింది. చేపలు పడే చోట్లు ఈ ఊరి పడవల మధ్యే ఉండాలి, ఊరు వద్దన్న రోజు అంతా చెరిపేయాలి అని ఊరి షరతులు చెప్పింది.

"అంటే యాప్ మళ్లీ మొదట్నుంచీ తయారు చేయాలి సరళా!"

"చేద్దాం సార్. లేకపోతే వీళ్ల పడవ ఎక్కే అర్హత మనకు లేదు."

"సరే, అలాగే కానివ్వండి," అన్నాడాయన.

ఈలలు, కేకలు! నేనూ ఈల వేశాను, సిగ్గెందుకు? "మా పడవెక్కితే ఫోనైనా సరే, ఊరి కట్టుబాటుకు లోబడాల!" అని పోలమ్మ సరళ రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది.

సాయంత్రం కావలిలో తిరుగు రైలెక్కాం. ఎవరి సముద్రమో వాళ్లను అడిగి చేసే పనిలో ఇంత హుషారుంటుందని నాకు ఇన్నాళ్లూ తెలియదు. ఒంగోలు రాకముందే సరళకు ఫోను వచ్చింది. జువ్వలదిన్నె పక్క ఊరి పడవల పెద్ద, శీనయ్య దగ్గర నంబరు తీసుకున్నాడట.

"మాకూ ఆ యాప్ కావాలమ్మా."

"తప్పకుండా అన్నా! జువ్వలదిన్నెకు ఒప్పుకున్న షరతులన్నీ మీకూ ఇస్తాం," అని సరళ పొంగిపోయింది.

"అయి వాళ్ల షరతులు. మాయి వేరే ఉండాయి. వచ్చి కూర్చుని ఇనాల."