చిరుతపులి పక్కన సముద్ర దోసకాయ

రెండు జంతువులను పోల్చి చార్టు తయారు చేసుకు రమ్మని మా అమ్మాయి బళ్ళో చెప్పారు. చీటీలు తీస్తే దానికి చిరుతపులి, సముద్ర దోసకాయ వచ్చాయి. ఆ రెంటినీ పక్కపక్కన కూర్చోబెట్టాలని ఎవరి బుర్రకు తట్టిందో గానీ, వాళ్ళమీద కోపం తెచ్చుకునే ఓపిక కూడా ఆ రోజుల్లో నాకు లేదు.

అప్పుడు మేం మారతహళ్ళిలో ఉండేవాళ్ళం. నాది కాల్ సెంటర్‌లో రాత్రి షిఫ్టు. తెల్లారి వచ్చి పడుకుంటే సాయంత్రం దాకా లేచేదాన్ని కాదు. మా ఆయన అత్తిబెలె ఫ్యాక్టరీ నుంచి చీకటి పడ్డాకే వచ్చేవారు, శనివారం కూడా సెలవు లేదు. బడి నుంచి వచ్చిన పిల్లను కింద ఉండే ఇంటి ఓనరమ్మ చూసుకునేది. ఎప్పటినుంచో బెంగళూరులో స్థిరపడిపోయిన తెలుగువాళ్ళు. కూత పైకి వినబడుతుందని, నేను పడుకున్నంతసేపూ ఆవిడ కుక్కరు కూడా పెట్టేది కాదు.

ఆ శుక్రవారం లేచేసరికి పిల్ల నేలమీద చార్టు పరుచుకుని ఉంది. మర్నాడు తల్లిదండ్రులు బడికి వెళ్ళి చార్టులు చూడాలి. నన్నేమో ఆఫీసులో రాత్రి షిఫ్టు అయ్యాక మధ్యాహ్నం దాకా ఉండిపొమ్మన్నారు. అది దానికి ఎలా చెప్పాలో తెలియక నాన్చుతూ వచ్చాను.

టీ గ్లాసుతో పక్కన కూలబడ్డాను. చిరుత బొమ్మ షాపులో దొరికిందట. సముద్ర దోసకాయది దొరక్క తనే పెన్సిలుతో వేసింది. రామేశ్వరం వైపు సముద్రంలో ఉండే రకమట. కళ్ళు లేవు, మెదడు లేదు, ఇసుకలో దూరి ఇసుకే తింటుంది. పట్టుకుంటే పేగులు బయటికి కక్కేసి తప్పించుకుంటుంది, తర్వాత కొత్తవి మొలుస్తాయి. ఇది నేనే అనుకున్నాను. పొద్దున క్యాబు దిగేటప్పుడు నా పరిస్థితి అచ్చం అదే, కొత్తవి మొలవడం ఒక్కటే తక్కువ.

చిరుత వైపు చదివాను. రాత్రి బయటికి వెళుతుంది. పగలు పడుకుంటుంది. నిద్రలో ఉంటే దగ్గరికి వెళ్ళకూడదు. తలుపు మెల్లగా వేయాలి.

"చిరుతకు తలుపేంటే?" అన్నాను.

పిల్ల నాలుక్కరుచుకుని రబ్బరు అందుకుంది.

కింద నుంచి ఓనరమ్మ గొంతు వినబడింది. "క్యాబు వచ్చి ఉండాదమ్మా. నువ్వు బయలుదేరు, పాపకు సంగటి తెస్తా ఉండా."

ఇక దాటేయడానికి లేదు. "రేపు బడికి నేను రాలేనమ్మా," అన్నాను.

అది తల ఎత్తలేదు. కాసేపు రుద్దుతూనే ఉండి, 'పిల్లలు' అని రాసిన గడి మీద వేలు పెట్టింది. సముద్ర దోసకాయ గుడ్లు నీళ్ళలో వదిలేస్తుంది, మళ్ళీ చూడదు. చిరుత పిల్లలు దాదాపు రెండేళ్ళు తల్లి వెంటే ఉంటాయి.

"రెండేళ్ళే మమ్మీ," అంది, నన్ను ఓదారుస్తున్నట్టు. "నాకు ఎనిమిది వచ్చేశాయి కదా."

హారన్ మోగింది. చెప్పులు వేసుకుని మెట్లు దిగుతుంటే, వెనకాల అది తలుపు వేసింది. నేను మేలుకునే ఉన్నాను, అయినా చప్పుడు కాకుండానే వేసింది.